పాట అందరికెరుక, రాసిన హనుమంతు ఎందరికెరుక?

‘పల్లెటూరి పిల్లగాడా’ పాట ఇననోళ్లు మన దిక్కు దొరుకుడు కష్టం. ‘మా భూమి’ సినిమాల సంధ్య పాడింది. సినిమా గౌతమ్ ఘోష్ తీసిండని సుత కొందరికి ఎరుకుంటది. రాసినోళ్లెవరంటే మాత్రం మస్తుమంది జానపదం అని చేతులు దులుపుకుంటరు. జానపదం కాదు. దాన్ని రాసిన మనిషికి పేరుంది, ఊరుంది. సుద్దాల హనుమంతు.

1910 ప్రాంతంల అప్పటి నల్లగొండ జిల్లా మోత్కూరు దగ్గర పాలడుగుల పుట్టిండు. పేద పద్మశాలి ఇల్లు. సిరిసిల్ల, కోరుట్ల దిక్కు మగ్గం సప్పుడు నడుమ పెరిగినోళ్లకు గా ఇల్లెట్లుంటదో ఇడమరిచి చెప్పే పనిలేదు. తర్వాత సుద్దాలల ఉన్నడు, గా ఊరే ఇంటిపేరు లెక్క అయింది. హైదరాబాద్‌ల వ్యవసాయ శాఖల చిన్న కొలువు దొరికింది. నిజాం కాలంల సర్కారు కొలువంటే మామూలు ముచ్చట కాదు. అయినా ఇడిసిపెట్టి ఊరికొచ్చిండు. ఆయుర్వేదం మందులిచ్చుకుంట ఆంధ్ర మహాసభల తిరిగిండు.

1944ల భువనగిరిల మహాసభ అయింది. రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. సభ్యత్వం అణాకు దించిన్రు. అణా ఇచ్చి చీటీ తీసుకుంటే కూలోడు సుత సంఘపోడే, గందుకే ఊళ్లల్ల దాన్ని చీటీల సంఘం అన్నరు. గా సభ నుంచి వచ్చినంక హనుమంతు సుద్దాలల సంఘం పెట్టిండు.

సంఘం పెట్టుడు ఒక ఎత్తు, జనానికి సమజ్ చేసుడు ఇంకో ఎత్తు. గప్పుడు ఊళ్లల్ల సదువచ్చినోళ్లే తక్కువ. కరపత్రం పంచితే సదివేదెవరు? దొర గడీకి సాలోడు బట్ట, కుమ్మరి కుండ, మాదిగ చెప్పులు ఉత్తగనే ఇయ్యాలె. చాకలి, మంగలి పైస లేకుంట పని చెయ్యాలె. గిది అన్యాయమని సభ పెట్టి చెప్తే గడీకి తెలుస్తది, జనం భయపడి రారు. గందుకే హనుమంతు జనం రోజూ చూసే ఆటలనే పట్టుకున్నడు. గొల్లసుద్దులు, బుర్రకథ, ఫకీరు వేషం, పిట్టల దొర.

గొల్లసుద్దులంటే భుజం మీద గొంగడి, చేతిల కట్టె. ఒకడు కథ చెప్తడు, పక్కపొంటి ఉన్నోళ్లు వంత పాడుతరు, నడుమ నడుమ అడ్డం ప్రశ్నలేసి నవ్విస్తరు. హనుమంతు గా కట్టు ఇడవలె, లోపలి కథ మార్చిండు. గొర్రెల ముచ్చట ఉండే జాగల వెట్టి ముచ్చట వచ్చి కూసుంది. జనం నవ్వుకుంటనే తమ బతుకు తాము ఇన్నరు. నా లెక్కల గిదే ఆయన చేసిన అన్నిట్ల పెద్ద పని. కొత్త రాగం కోసం దేవులాడలే. ఊరికి నోటికున్న బాణీల కొత్త మాట పోస్తే ఒక్కసారి ఇన్నోడు రెండోసారి తానే పాడుతడు. కాయిదం అక్కర లేదు.

1946 జులై 4న కడవెండిల దొడ్డి కొమరయ్యను కాల్చి చంపినంక పోరాటం అంటుకుంది. 1951 దాకా నడిచింది. గన్ని ఏండ్లల్ల గిసొంటి పాటలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నోటి మీదనే పోయినయ్. పాట పోయింది, పేరు పోలేదు. గట్లనే అది జానపదమయింది. ‘బండెన్క బండి కట్టి’ కథ సుత గింతే. బండి యాదగిరి రాసిండు, ‘మా భూమి’ల గద్దర్ పాడిండు, ఇయ్యాల్టికి గద్దర్ రాసిండనే అనుకునేటోళ్లు ఉన్నరు.

‘పల్లెటూరి పిల్లగాడా’ను జర నిమ్మళంగ ఇనుండ్రి. అండ్ల జెండా గురించి, పార్టీ గురించి మొదలువెట్టడు. పసుల ఎన్క తిరిగే పోరన్ని నిలవెట్టి పలకరిస్తడు, తల్లిపాలు మరిచి ఎన్నాళ్లయిందో అని సోంచాయిస్తడు. అయ్య అప్పు తీరక కొడుకు జీతముండే కాలం అది. దొరను తిట్టకముందే మన కండ్లల్ల నీళ్లు తెప్పిస్తడు. ఎనకట మన తాతలల్ల ఎంతమంది గట్ల జీతమున్నరో ఇంట్ల అడిగితే తెలుస్తది.

1980ల సినిమా వచ్చినప్పుడు హనుమంతు బతికే ఉన్నడు. పాట ఊరూరికి చేరింది. రెండేండ్లకే, 1982 అక్టోబర్ 10న, క్యాన్సర్‌తోని పోయిండు.

ఆయన, జానకమ్మల కొడుకే సుద్దాల అశోక్ తేజ. 2003ల వచ్చిన ‘ఠాగూర్’ సినిమా పాటకు జాతీయ అవార్డు అందుకున్నడు. సినిమాలల్లకు పోకముందు మన మెట్‌పల్లి దిక్కు బళ్లల్ల సారుగ పనిచేసిండు. ఆ సారు దగ్గర సదువుకున్నోళ్లు ఇప్పుడు యాభై ఏండ్ల దగ్గర దగ్గర ఉంటరు. యూట్యూబ్‌ల పాటలు పెట్టే తమ్ముళ్లు, చెల్లెండ్లు వాళ్లను దొరకవట్టి అడుగుండ్రి, హనుమంతు ముచ్చట్లు ఇంకేమన్న ఇన్నరేమో.