ద్వీపముల మర్మము నెఱిగిన వాలెస్

ప్రపంచపటమున రెండు తావులను చూడుడు. ఐరోపా ఖండమునకు వాయవ్యమున సముద్రమధ్యమందు బ్రిటన్ దీవి కలదు. ఆసియా ఖండమునకు ఆగ్నేయమున, భూమధ్యరేఖ కిరువైపుల, సుమత్రా, జావా, బోర్నియో, సెలిబిస్, న్యూగినీ మొదలగు దీవులు చెదరిన పూసలవలె వ్యాపించియున్నవి. బ్రిటన్ సమశీతోష్ణ మండలమునకు చెందినది. ఈ దీవులు ఉష్ణమండలమునకు చెందినవి. బ్రిటన్ దీవిలో పుట్టి, ఈ ఉష్ణద్వీపములయందు ఎనిమిది సంవత్సరములు సంచరించి, ద్వీపముల చరిత్రను వాని పక్షులనుండియు జంతువులనుండియు చదివిన శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్.

వాలెస్ 1823వ సంవత్సరము జనవరి 8వ తేదీన వేల్స్ దేశమున అస్క్ పట్టణ సమీపమున జన్మించెను. తండ్రి ధనము పోగొట్టుకొనుటచే కుటుంబము పేదఱికమున పడెను. అందువలన అతడు పదునాలుగవ యేటనే పాఠశాల విడువవలసివచ్చెను. పిమ్మట అన్నయగు విలియముతో కూడి భూమిని కొలుచు వృత్తి నవలంబించెను. పగలెల్ల కొండలపైనను లోయలయందును తిరుగుచు, ఏ నేలలో ఏ మొక్క మొలచునో, ఏ పొరలో ఏ రాయి యుండునో పరిశీలించుట అతని కలవాటయ్యెను. బడిలో ఆగిపోయిన చదువు ఆరుబయట సాగెను.

అతడు పెరిగిన దీవిలో సూర్యకిరణములు ఏటవాలుగా పడును. లండను నగరమున నడివేసవిలో పగలు పదునాఱు గంటలకు మించియుండగా, నడిశీతకాలమున ఎనిమిది గంటలకంటె తగ్గును. జనవరి నెల సగటు ఉష్ణోగ్రత సుమారు 5 డిగ్రీల సెంటీగ్రేడు. జూలైలో సుమారు 19 డిగ్రీలు. అట్లాంటిక్ మహాసముద్రపు వెచ్చని ప్రవాహమును, నైరృతి పవనములును చలి తీవ్రతను కొంత తగ్గించును. అయినను ఋతుభేదము స్పష్టముగా కనబడును. శరత్కాలమున పెక్కుచెట్లు ఆకులు రాల్చును. వసంతమున మఱల చిగిర్చును.

ఈ దీవిని విడిచి ఉష్ణదేశపు అడవులను చూడవలెనని వాలెస్ ఉవ్విళ్లూరెను. 1848లో బేట్స్ అను మిత్రునితో కలసి దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీప్రాంతమునకు పోయెను. అచట నాలుగేండ్లు పక్షులను, కీటకములను సేకరించెను. అతనికి తోడుగా వచ్చిన తమ్ముడు హెర్బర్టు 1851లో విషజ్వరముచే మరణించెను. 1852లో స్వదేశమునకు మరలిపోవుచుండగా నడిసముద్రమున ఓడకు నిప్పంటుకొనెను. అతని సేకరణలో అధికభాగము కన్నులయెదుటనే బూడిదయ్యెను. చిన్న పడవలో పదిదినములు ఎండకు మాడి, దప్పికచే కృశించిన పిదప, దారిని పోవు మఱియొక ఓడ అతనిని కాపాడెను. సామాన్యుడైనచో జన్మములో మఱల ఓడ యెక్కడు. వాలెస్ రెండేండ్లు తిరుగకమునుపే మఱల ప్రయాణమయ్యెను.

1854 ఏప్రిల్‌లో అతడు సింగపూరు చేరెను. ఇచట ప్రకృతి వేఱు. పగలును రాత్రియు ఏడాదిపొడవున దాదాపు పండ్రెండేసి గంటలే. నెలల సగటు ఉష్ణోగ్రత 27 డిగ్రీలకు కొంచెము అటునిటుగా నుండును. వర్షము లండనున కురియుదానికి మూడు రెట్లకు మించును. చలికాలము లేనందున అడవి యెల్లప్పుడును పచ్చగా నుండును. ఋతువులను వేడిమికంటె గాలులే ఎక్కువగా నిర్ణయించును. అందును అన్ని దీవులు నొక్కతీరువి కావు. జావాలో అగ్నిపర్వతముల బూడిద నేలకు సారము నిచ్చును. టిమోరు దీవిపై ఆస్ట్రేలియా దిక్కునుండి పొడిగాలి వీచుటచే అచట వర్షము తక్కువ. ఉష్ణదేశమన్నంతనే ఎల్లెడల పూవులు విరగబూయునని పలువురు తలంతురు. ఆ అడవులలో ఆకుపచ్చయే మిక్కుటమనియు, పూలరాశులు స్వదేశపు పచ్చికబయళ్లలోనే అధికమనియు వాలెస్ గ్రహించెను.

1856 జూన్‌లో అతడు బాలిదీవినుండి లొంబోక్ దీవికి పోయెను. ఈ రెంటి నడుమ నున్నది ఇరుకైన జలసంధి మాత్రమే. రెండు దీవులకు ఎండయు వానయు దాదాపు సమానమే. కాని బాలిలో అతడు చూచిన పక్షులు ఆసియా ఖండపు జాతులకు చెందినవి. లొంబోక్‌లో కాలుమోపగానే, తలపై కుచ్చుగల తెల్లని కాకటూ చిలుకలును, మట్టిని ఆకులను కుప్పవోసి ఆ వేడిమిచే గ్రుడ్లు పొదుగబడునట్లు చేయు వింతపక్షులును కనబడెను. ఇవి ఆస్ట్రేలియా వైపు జాతులు. వాతావరణమే జీవులను నిర్ణయించినచో ఈ భేద మేల కలుగవలెను?

సమాధానము సముద్రపు లోతులో నుండెను. సుమత్రా, జావా, బోర్నియో, బాలి దీవుల నడుమ సముద్రము లోతు తక్కువ. పూర్వము సముద్రమట్టము తగ్గినపుడు అవి ఆసియాతో కలసి యొకే భూభాగముగా నుండెను. లొంబోక్ జలసంధి మిక్కిలి లోతైనది, అది యెండలేదు. అందుచే ఆవలి జీవులు ఆవలనే నిలిచెను. ఈ జలసంధిగుండ, బోర్నియో సెలిబిసుల నడుమగా ఉత్తరమునకు సాగు హద్దునకు నేడు వాలెస్ రేఖ యని పేరు.

ఈ సంచారమున సారవాక్ వాసియగు ఆలీ యను మలయా యువకు డతనికి కుడిభుజమై, వంట చేయుచు పక్షులను సేకరించుచు నుండెను. 1858లో చలిజ్వరముచే పడియున్న సమయమున, బ్రతుకునకు తగిన జీవులే నిలిచి సంతతిని పెంచునను సిద్ధాంతము వాలెస్ మనస్సున మెఱసెను. అతడు దానిని వ్రాసి డార్విన్‌కు పంపెను. డార్విన్ అంతకుముందే అట్టి నిర్ణయమునకు వచ్చియుండెను. ఇరువురి వ్రాతలును 1858 జూలై 1వ తేదీన లండనులోని లిన్నేయన్ సొసైటీలో చదువబడెను. వాలెస్ ఈర్ష్యపడక, డార్విన్‌ను కడవఱకు గౌరవించెను.

1862లో అతడు స్వదేశము చేరునాటికి సేకరించిన నమూనాలు 1,25,660. తన యాత్రావృత్తాంతమును 1869లో ప్రకటించెను. 1880లో ద్వీపజీవనమును గూర్చి మఱియొక గొప్ప గ్రంథము వెలువరించెను. అందు బ్రిటనును జపానును పోల్చిచూపెను. ఇవి వేలకొలది మైళ్ల దూరమున నున్నను, వీని పక్షులలో పెక్కింటికి పోలిక కలదు. ఏలయన ఈ రెండును ఒకే మహాఖండము నుండి విడిపోయిన దీవులు. నడిసముద్రమున పుట్టిన దీవుల కథ వేఱు. అజోర్స్ సమశీతోష్ణ ప్రాంతపు దీవులు. సెయింట్ హెలీనా ఉష్ణమండలపు దీవి. రెంటను అగ్నిపర్వతములే నిర్మించెను. గబ్బిలములను విడిచినచో, స్వతస్సిద్ధముగా నేలజంతువులలో పాలిచ్చునవి రెంటను లేవు. శీతోష్ణము ద్వీపమున ఏది బ్రతుకగలదో చెప్పును; నేల నీటి చరిత్ర అచటి కేది చేరగలిగెనో చెప్పును.

సెయింట్ హెలీనాకు 1513లో మేకలను తెచ్చి విడిచిరి. అవి లేతమొక్కలను మేసివేయుటచే అడవి నశించెను. వానలకు సారవంతమైన నేల కొట్టుకొనిపోయెను. మఱియెచటను లేని మొక్కలు కొన్ని అంతరించెను. అట్లు ద్వీపమున నశించినది మఱల పొరుగునుండి రాదు.

ఇంత కీర్తి గడించినను వాలెస్ ధనవంతుడు కాలేదు. డార్విన్ మొదలగువారి ప్రయత్నమున 1881లో ప్రభుత్వ మతనికి వార్షికభృతి నొసగెను. 1908లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అను ఉన్నత గౌరవము లభించెను. 1913 నవంబరు 7వ తేదీన, తొంబదియవ యేట, బ్రాడ్‌స్టోన్ అను ఊరిలో అతడు కన్నుమూసెను. పేదఱికమును, జ్వరమును, అగ్నిప్రమాదమును అతని జిజ్ఞాసను అణచజాలవయ్యెను. బాలికిని లొంబోక్‌కును నడుమ పెక్కుమంది నావికులు తిరిగిరి; ఆవలి ఒడ్డున పక్షులు మాఱినవేల యని ప్రశ్నించి సమాధానమును వెదకిన వాడు వాలెస్.