ట్రేలో ఫిల్ము కడిగి పేరు తెచ్చుకున్న వెస్టన్

మూడు కాళ్ల మీద నిలబెట్టిన పెద్ద కెమెరా వెనక, నల్లగుడ్డ కప్పుకుని ఫొటో తీసే స్టూడియో ఆయన్ని మన పెద్దవాళ్లు చాలామంది చూసే ఉంటారు. ఫొటో ఆయనే తీసేవాడు, చీకటి గదిలో ఆయనే కడిగేవాడు, ప్రింటు వేసి అట్ట మీద అంటించి ఆయనే చేతికిచ్చేవాడు. అలాంటి కెమెరాతోనే, ఇంటినంటుకున్న చిన్న చీకటి గదిలో ఫిల్ములు కడుక్కుంటూ ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు అమెరికా ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్.

ఆయన 1886 మార్చి 24న ఇల్లినాయ్ రాష్ట్రంలోని హైలాండ్ పార్క్‌లో పుట్టారు. తండ్రి వైద్యుడు. అయిదేళ్ల వయసులోనే తల్లి చనిపోతే అక్క మేరీ పెంచింది. పదహారో ఏట, 1902లో తండ్రి ఒక చిన్న కొడాక్ కెమెరా కొనిచ్చారు. చదువు అంతటితో మూలపడింది. 1906లో అక్క ఉన్న కాలిఫోర్నియాకు చేరి, ఇంటింటికీ తిరిగి పిల్లల ఫొటోలు, పెళ్లి ఫొటోలు తీశారు. మధ్యలో ఇల్లినాయ్ వెళ్లి ఫొటోగ్రఫీ కళాశాలలో చేరారు. తొమ్మిది నెలల కోర్సు ఆరు నెలల్లో ముగించేశారు. మొత్తం కాలానికీ ఫీజు కడితేనే పట్టా ఇస్తామన్నారు కళాశాల వారు. ఆయన కట్టలేదు, పట్టా లేకుండానే తిరిగొచ్చారు.

1909లో ఫ్లోరా చాండ్లర్‌తో పెళ్లి. నలుగురు కొడుకులు. 1911లో ట్రాపికో అనే ఊళ్లో సొంత స్టూడియో తెరిచారు. వచ్చేవాళ్లకు ముడతలు లేని ముఖాలు కావాలి. అందుకని నెగెటివ్ మీద పెన్సిలుతో టచింగ్ చేసి ముడతలు చెరిపేయాలి. కూడు పెట్టే పని అదే. కానీ ఆ పనంటే ఆయనకు మా చెడ్డ రోత. ఏళ్ల తర్వాత కార్మెల్‌లో, ఇక్కడ టచింగ్ చేయబడదని స్టూడియో బయట బోర్డు పెట్టగలిగినప్పుడే ఆయన మనసు కుదుటపడింది.

1923లో పెద్ద కొడుకును వెంటబెట్టుకుని, స్నేహితురాలు టీనా మొడొట్టితో కలిసి మెక్సికో వెళ్లిపోయారు. ఇంటి దగ్గర మిగిలిన ముగ్గురు పిల్లల్నీ బడిపంతులమ్మగా పనిచేస్తూ ఫ్లోరాయే సాకింది. వెస్టన్ గొప్పతనం చెప్పేవాళ్లు ఈ ముక్క త్వరగా దాటేస్తారు గాని, ఆ ఇల్లాలి జీతమే లేకపోతే కథ మరోలా ఉండేది. 1926లో మెక్సికో నుంచి తిరిగొచ్చారు.

మిరపకాయ ఫొటో

1929లో సముద్రపు ఒడ్డున ఉన్న కార్మెల్‌లో మకాం పెట్టారు. 1930 ఆగస్టులో బెంగుళూరు మిరపకాయలు (కూరమిరప అంటారే, అవి) ముందు పెట్టుకుని రోజుల తరబడి ఫొటోలు తీశారు. ఏ కాయనూ ఎలా నిలబెట్టినా తృప్తి లేదు. చివరికి ఒక వంకర కాయను రేకు గరాటులో పెట్టారు. లోపలి అంచుల నుంచి తిరిగిన వెలుగు కాయ చుట్టూ మెత్తగా పడింది. కెమెరా కన్ను బాగా సన్నం చేయడంతో ఫిల్ముకు వెలుగు గంటల తరబడి చూపాల్సి వచ్చింది. ఆ మధ్యలో బల్ల కదిలినా, కాయ వాడినా పని చెడినట్టే. అదే 30వ నంబరు మిరపకాయ చిత్రం. ఒళ్లు విరుచుకున్న మనిషిలా కనిపిస్తుంది. ఫొటో అయ్యాక కాయలు వంటింటికే పోయేవి. తిండి విషయంలో ఆయన చాలావరకు శాకాహారి.

ఆయన ఫిల్ము రీలు కాదు. ఎనిమిది అంగుళాల వెడల్పు, పది అంగుళాల పొడవు ఉన్న విడి రేకు, ఒక్కో ఫొటోకు ఒక్కో రేకు. అది అన్ని రంగుల వెలుగూ పట్టే రకం కాబట్టి ఎర్ర బల్బు కూడా పనికిరాదు. కన్ను పొడుచుకున్నా కానరాని చీకట్లోనే హోల్డరులో నుంచి తీయాలి. మందు పూసిన వైపు ఏదో తెలియడానికి రేకు మూలన చిన్న గాట్లు ఉంటాయి. వేలితో తడిమి చూసుకోవాలి. ఒకదానికొకటి అంటుకోకుండా ముందు నీళ్లలో ఒక్కొక్కటిగా ముంచి, తర్వాత డెవలపర్ ట్రేలోకి మార్చాలి. అడుగున ఉన్న రేకును మెల్లగా లాగి పైకి వేస్తూ, మళ్లీ అడుగుది పైకి వేస్తూ ఉండాలి. ఈ పని ఆపకూడదు. తడిసిన ఫిల్ము మీది పూత మీగడలా మెత్తనిది. ఒక రేకు మూల ఇంకో రేకుకు తగిలితే గీత పడుతుంది, ఆ గీత మళ్లీ పోదు.

వెస్టన్ వాడిన డెవలపర్ పైరో. పొడులు తూచి ఇంట్లోనే కలుపుకునే పాత మందు. గాలి తగిలితే త్వరగా చెడిపోతుంది, పైగా విషం. నెగెటివ్‌కు పసుపు గోధుమ రంగు మరక పడుతుంది. ఇక ప్రింట్లకు వాడే అమిడాల్ గోళ్లను నల్లగా చేస్తుంది. ఆయన గోళ్లు ఎప్పుడూ నల్లగానే ఉండేవి.

ఎంతసేపు కడగాలో గడియారం ఒక్కటే చెప్పేది కాదు. సగానికి పైగా పని అయ్యాక, చాలా మసకగా ఉన్న పచ్చ దీపం ముందు రేకును కొన్ని క్షణాలు పట్టి చూసేవారు. మన కంటికి పచ్చ వెలుగు బాగా ఆనుతుంది, అందుకని బహు కొంచెం ఉన్నా చాలు. సగం కడిగిన ఫిల్ముకు వెలుగు పట్టే గుణం కూడా అప్పటికి తగ్గి ఉంటుంది. తెల్లనివి కావలసిన చోట్లు తగినంత నల్లబడ్డాయా లేదా చూసి, చాలనుకుంటే నీళ్లలో కడిగి హైపోలో వేయడం, లేదంటే మళ్లీ ట్రేలోకి. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టే. ఆ లెక్క పుస్తకంలో దొరకదు, ఏళ్ల తరబడి చూసిన కంటికే తెలుస్తుంది.

ప్రింటుకు పెద్దది చేసే యంత్రం అక్కర్లేదు. నెగెటివ్‌ను కాగితం మీద పెట్టి, అద్దం కింద బిగించి, పైకప్పు నుంచి వేలాడే మామూలు బల్బు వెలిగించడమే. నెగెటివ్ ఎంతో ప్రింటూ అంతే. 1932లో ఆన్సెల్ ఆడమ్స్ తదితరులతో కలిసి ఎఫ్ 64 అనే బృందం పెట్టారు. ఉన్నది ఉన్నట్టు, ముందు నుంచి వెనక దాకా నిక్కచ్చిగా చూపాలన్నది వారి పంతం.

పిల్లుల కొండ

1937లో గుగ్గెన్‌హైమ్ సంస్థ రెండు వేల డాలర్లు ఇచ్చింది. ఫొటోగ్రాఫర్లలో ఆ సాయం అందుకున్న మొదటివారు ఆయనే. అప్పటికి జీవితంలోకి వచ్చిన చారిస్ విల్సన్ కారు నడిపింది. ఏడాదిలో 16 వేల మైళ్లకు పైగా తిరిగి 1,260 నెగెటివ్‌లు తీశారు. మరుసటి ఏడాది సాయం పొడిగించాక ఆ ఫిల్ముల పని చూసుకోవడానికి ఒక చోటు కావాలి. చారిస్ తండ్రి స్థలంలో కొడుకు నీల్ 1938లో చిన్న చెక్క ఇల్లు కట్టిచ్చాడు. ఒకే పెద్ద గది, చిన్న డార్క్‌రూమ్. ఆ చోటు పేరు వైల్డ్‌క్యాట్ హిల్. ఇంటి నిండా పిల్లులు. 1939లో చారిస్‌ను పెళ్లాడారు, 1946లో విడిపోయారు. అదే 1946లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఆయన జీవితకాలపు చిత్రాలతో పెద్ద ప్రదర్శన పెట్టింది.

పేరు శిఖరానికి చేరిన ఆ రోజుల్లోనే చేతులు వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ వ్యాధి. చీకట్లో, మెత్తని రేకుల్ని గీత పడకుండా దొంతరలో తిప్పే పనికి వణికే చేతులు ఎంత శత్రువులో చెప్పనక్కర్లేదు. 1948లో ఇంటికి దగ్గరలోని పాయింట్ లోబోస్ బండల దగ్గర తీసిందే ఆఖరి ఫొటో. ఆ తర్వాత పదేళ్లు బతికారు గాని కెమెరా పట్టలేదు.

నెగెటివ్‌లు పెట్టెల నిండా ఉన్నాయి. ప్రింట్లు వేసే చేతులు లేవు. రెండో కొడుకు బ్రెట్ చేయి ఇచ్చాడు. 1952లో 12 చిత్రాల సంపుటి తండ్రి చూస్తుండగా తయారుచేశాడు. 1955లో పెద్దాయన సుమారు 830 నెగెటివ్‌లను ఏరి పక్కన పెడితే, ఒక్కోదానికి ఎనిమిదేసి ప్రింట్లు వేసే పని మొదలైంది. తండ్రి కుర్చీలో కూర్చుని ప్రింటు చూసి ఔననో కాదనో తేల్చేవారు. 1958 జనవరి 1న ఆ ఇంట్లోనే కన్నుమూశారు. అస్థికలు పాయింట్ లోబోస్ దగ్గర సముద్రంలో కలిపారు. ఆ తీరానికి తర్వాత ఆయన పేరే పెట్టారు.

చిన్న కొడుకు కోల్ తండ్రి అనుమతితో ఆ నెగెటివ్‌ల నుంచి చాలా ఏళ్లు ప్రింట్లు వేశాడు. బ్రెట్ మాత్రం 1991లో, తన ఎనభయ్యో పుట్టినరోజున, తన సొంత నెగెటివ్‌లను నిప్పుల్లో వేసేశాడు. తన ప్రింట్లు ఇంకొకరు వేయడం ఆయనకు ఇష్టం లేదు. తండ్రి నెగెటివ్‌లు అరిజోనా విశ్వవిద్యాలయం ఫొటోగ్రఫీ కేంద్రంలో భద్రంగా ఉన్నాయి.