మన్నెంలో రాజుని కాచిందెవరు?

అల్లూరి సీతారామరాజు అనగానే మనకు విల్లంబులూ, గడ్డమూ గుర్తుకొస్తాయి. అంత పెద్ద తెల్ల సర్కారుకి దాదాపు రెండేళ్లు చిక్కకుండా ఆ కొండల్లో ఎలా నిలిచాడన్నది మాత్రం తక్కువమంది ఆలోచిస్తారు. కూలి జనం, కార్యకర్తలు తెలుసుకోవలసింది అదే.

రాజు 1897 జూలై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో పుట్టాడు. 1917 ప్రాంతంలో కృష్ణదేవిపేట చేరాడు. అది మైదానం అయిపోయి మన్నెం మొదలయ్యే చోటు. తుపాకి పట్టకముందు ఏళ్ల తరబడి ఆ గూడేల్లో తిరిగాడు, వైద్యం చేశాడు, తగాదాలు తీర్చాడు. దారులూ, వాగులూ, మనుషులూ అలా తెలిశారు.

మన్నెం అప్పటికే రగులుతోంది. 1882 అటవీ చట్టం పేరు చెప్పి పోడు కొట్టనివ్వలేదు. గూడెంలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత రోడ్డు పని చేయించి కూలి ఎగ్గొట్టేవాడు. గాం గంటం దొర, మల్లు దొర వంటివారు రాజుతో కలిశారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి 26 తుపాకులు పట్టుకెళ్లారు.

ఇక చోటు ఎంచుకోవడం చూడండి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో మాటు వేశారు. ఇరుకు దారి, పైన పొదలు. ముందు నడిచిన మన దేశపు పోలీసుల్ని పోనిచ్చి, వెనకొచ్చిన కవర్డు, హైటరు అనే తెల్ల అధికారుల్ని కూల్చారు. కొండ ఎక్కిన మైదానం పోలీసుల్ని మన్నెం జ్వరం మంచాన పడేసేది. అయితే డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర మెషిన్ గన్నుల ముందు రాజు దళానికి గట్టి దెబ్బ తగిలింది. చేతిలో ఉన్న ఆయుధాన్ని బట్టే తావు చూసుకోవాలి మరి.

కొండలూ చెట్లూ దాస్తాయిగానీ కడుపు నింపవు. చోడి అంబలి పోసిందీ, పోలీసుల కదలిక చెప్పిందీ గూడెం జనమే. ఈ సంగతి సర్కారూ కనిపెట్టింది. ఊరూరా పోలీసుల్ని దింపింది, తిండిగింజలు పైకి పోకుండా కట్టడి చేసింది, ఊళ్ల మీద జరిమానాలు వేసింది. మలబారు పోలీసులు చాలక 1924లో అస్సాం రైఫిల్స్‌ని తెచ్చింది. జనానికీ దళానికీ మధ్య దారి తెగేసరికి అడవి ఒంటరిదైపోయింది. 1924 మే 7న మంప దగ్గర రాజుని పట్టుకుని, కొయ్యూరులో విచారణ లేకుండానే కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు ఇంకా 27 నిండలేదు.

2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడ్డ జిల్లాకి ఆయన పేరు పెట్టారు. మంచిదే. కానీ 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా పోడు పట్టా కోసం కాగితాలు పట్టుకు తిరుగుతున్న గిరిజనులున్నారు. ఆనాడు రాజుకి అంబలి పోసింది వాళ్ల తాతముత్తాతలే. వాళ్ల భూమి వాళ్లకి దక్కేదాకా వెంట నిలబడటమే మనం ఆయనకిచ్చే గౌరవం.