తనపై తానే తీర్పు చెప్పుకున్న న్యాయవాది

అమెరికాలోని అట్లాంటా నగరంలో 1902 మార్చి 17వ తేదీన ఒక న్యాయవాది ఇంట రాబర్ట్ టైర్ జోన్స్ జన్మించాడు. లోకం అతణ్ణి బాబీ జోన్స్ అని పిలిచింది. పసితనాన తరచు జబ్బుపడే ఆ బాలునికి గాల్ఫు మైదానమే ఆరోగ్యాన్నీ, ఆటనూ ప్రసాదించింది. పచ్చిక బయలులో చిన్న బంతిని కర్రతో కొట్టి, దూరాన ఉన్న గుంటలో వీలైనన్ని తక్కువ దెబ్బలతో పడవేయడమే ఆ క్రీడ. పద్నాలుగవ యేటనే అతడు జాతీయస్థాయి పోటీలో పాల్గొన్నాడు.

నైపుణ్యం అబ్బినంత త్వరగా నిగ్రహం అబ్బలేదు. దెబ్బ తప్పితే కర్ర విసిరివేసేవాడు. 1921లో స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ మైదానంలో బంతి ఇసుక గోతిలో చిక్కుకోగా, విసిగి పోటీనుండే తప్పుకొన్నాడు. ఆ చేష్టకు తరువాత ఎంతో సిగ్గుపడ్డాడు. ప్రత్యర్థికన్న ముందు తన కోపాన్ని జయించవలెనని గ్రహించాడు.

1925లో అమెరికా ఓపెన్ పోటీ జరుగుతున్నది. గడ్డిలో ఉన్న బంతిని కొట్టబోతుండగా అది రవంత కదిలింది. నిబంధన ప్రకారం అది ఒక దెబ్బ కిందే లెక్క. కాని ఆ కదలికను చూచినవారు ఎవరూ లేరు. అయినా జోన్స్ పట్టుబట్టి తన లెక్కలో ఒక దెబ్బ అదనంగా వేయించుకున్నాడు. చివరకు విల్లీ మెక్‌ఫార్లేన్‌తో సమానంగా నిలిచి, తరువాతి నిర్ణాయక పోటీలో ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయాడు. ఆ దెబ్బను కలుపుకొనకపోతే విజయం ముందే అతనిదై ఉండేది. దీనికై జనం ప్రశంసించగా, నియమాన్ని పాటించడం ప్రశంసార్హం కాదని అతడు భావించాడు.

అతనికి ఆట జీవనోపాధి కాదు. యంత్రశాస్త్రంలోనూ, ఆంగ్ల సాహిత్యంలోనూ పట్టాలు పొంది, ఎమొరీ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువుతూనే న్యాయవాద పరీక్షలో ఉత్తీర్ణుడై, తండ్రి కార్యాలయంలో చేరాడు. బహుమతి ధనం ఆశించక ఔత్సాహికుడుగానే ఆడాడు. 1930లో బ్రిటను, అమెరికా దేశాల నాలుగు మహా పోటీలనూ ఒకే సంవత్సరంలో గెలిచి, ఇరవై ఎనిమిదవ యేట పోటీలనుండి విరమించాడు.

1948 తరువాత వెన్నుపాము వ్యాధి అతణ్ణి క్రమంగా చక్రాల కుర్చీకి పరిమితం చేసింది. 1958లో సెయింట్ ఆండ్రూస్ పట్టణం అతనికి గౌరవ పౌరసత్వం ఇచ్చింది. అంతకు పూర్వం ఆ గౌరవం పొందిన అమెరికను బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక్కడే. కోపంతో ఆట విడిచిన యువకుని తప్పును క్షమించి, తనను తాను దిద్దుకొన్న పెద్దమనిషిని ఆ పట్టణం అక్కున చేర్చుకొన్నది. 1971 డిసెంబరు 18న జోన్స్ కన్నుమూశాడు. అతని విజయాలను లెక్కించేవారు, అతడు కోరి వేసుకొన్న ఆ ఒక్క దెబ్బనుకూడా లెక్కించక మానరు.