మెదడు కణితిని పట్టిచ్చే రామన్ కాంతి

మెదడులో కణితి ఉందని తెలిశాక ఇంటివాళ్లు ముందుగా అడిగేది ఒకటే: అది మెల్లగా పెరిగేదా, వేగంగా పెరిగేదా? దీన్నే వైద్యులు గ్రేడు అంటారు. ఎమ్మారైలో పెర్‌ఫ్యూజన్ అనే పరీక్ష కొంత ఆచూకీ ఇస్తుంది. చేతి నరంలోకి మందు ఎక్కించి, కణితిలోకి రక్తం ఎంత చేరుతోందో లెక్కకడతారు. ఉధృతంగా పెరిగే కణితి తన కోసం కొత్త రక్తనాళాలు పుట్టించుకుంటుంది కాబట్టి అక్కడ రక్తం ఎక్కువ కనిపిస్తుంది. అయితే నిదానంగా పెరిగే కణితుల్లోనూ కొన్ని అలాగే కనిపించి మోసం చేస్తాయి. అందుకే చివరి మాట ముక్క తీసి చూశాకే. ఆ ముక్కను చూడడానికి ఇప్పుడు ఒక కొత్త సాధనం వచ్చింది. దాని మూలం మన బెంగళూరులో కన్నుమూసిన సర్ సి.వి. రామన్ పని.

రామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లి దగ్గర పుట్టారు. కానీ బాల్యం గడిచింది విశాఖపట్నంలో. తండ్రి అక్కడి ఏ.వి.ఎన్. కళాశాలలో పాఠాలు చెప్పేవారు. పదకొండేళ్లకే మెట్రిక్ గట్టెక్కిన ఆ పిల్లవాడు 1907లో మద్రాసులో ఎం.ఏ. పూర్తిచేసి, కలకత్తాలో ఆర్థికశాఖ అధికారి అయ్యారు. పగలు ఆఫీసు, మిగిలిన వేళల్లో బౌబజారులోని ప్రయోగశాల. 1917లో పెద్ద జీతం వదులుకుని ఆచార్యుడిగా చేరారు.

1921లో ఓడ ప్రయాణంలో మధ్యధరా సముద్రపు నీలిరంగు ఆయన్ని పట్టుకుంది. అది ఆకాశపు నీడేనని పెద్దల మాట. రామన్ ఒక స్ఫటికపు ముక్కతో ఆ నీడను అడ్డగించి చూశారు. నీలం పోలేదు! నీరే కాంతిని చెదరగొడుతోందని తేలింది. ఆ దారినే ఏళ్ల తరబడి వెళ్లి, కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి 1928 ఫిబ్రవరి 28న అసలు సంగతి పట్టుకున్నారు. ఒకే రంగు కాంతిని పదార్థం మీదికి పంపితే దాదాపు అంతా అదే రంగులో తిరిగొస్తుంది. అతి కొద్ది భాగం మాత్రం రంగు మారుతుంది. ఎంత మారిందన్నది ఆ అణువును బట్టి ఉంటుంది. 1930లో నోబెల్ బహుమతి వచ్చింది.

1933లో భారతీయ విజ్ఞాన సంస్థకు తొలి భారతీయ డైరెక్టరుగా బెంగళూరు వచ్చారు. ఆయన మొండిమనిషి, దాచడం ఎందుకు? కమలా భాగవత్ అనే విద్యార్థినిని ఆడపిల్ల అన్న కారణంతోనే చేర్చుకోనన్నారు. ఆమె పట్టు వదలకపోతే షరతులు పెట్టి ఒప్పుకున్నారు. ఏడాది ఆమె పని చూశాక మనసు మార్చుకున్నారు. తర్వాత కమలా సొహోనీగా పేరుపొందింది ఆమే. సంస్థలో గొడవలు ముదిరి 1937లో రామన్ డైరెక్టరు పదవి వదిలేశారు, ఆచార్యుడిగా మాత్రం 1948 దాకా ఉన్నారు. ఆ ఏడే సొంత పరిశోధన సంస్థ మొదలైంది.

ఇక కణితి దగ్గరికి వద్దాం. ఆరోగ్యమైన మెదడులో, కణితిలో కొవ్వు, ప్రొటీన్ల పాళ్లు వేరు. కాబట్టి రంగు మారిన కాంతీ వేరుగా ఉంటుంది. 2015లో కెనడాలోని మాంట్రియల్ వైద్యులు, ఇంజనీర్లు పెన్నులాంటి సాధనాన్ని ఆపరేషన్ జరుగుతుండగానే మెదడుకు ఆనించి, కణితి అంచు ఎక్కడిదాకా ఉందో వెతికారు. అంచు తెలియకపోతే కణితి మిగిలిపోవచ్చు, లేదా మాటనో చూపునో చూసుకునే మంచి భాగం తెగిపోవచ్చు. 2020లో అమెరికాలో 278 మంది రోగుల ముక్కలను ఇదే సూత్రంతో పనిచేసే యంత్రం, కంప్యూటరు కలిసి రెండున్నర నిమిషాల లోపే గుర్తుపట్టాయి. మామూలు పద్ధతికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఫలితం రెండింటిదీ దాదాపు సమానం.

రామన్ ఇవేవీ చూడలేదు. 1970లో ప్రయోగశాలలో కూలిపోయారు. ఆసుపత్రిలో ఉండనని తన సంస్థకే తిరిగొచ్చి, నవంబరు 21న ప్రాణం విడిచారు. ఆ తోటలోనే దహనం చేశారు. ఆ చోట ఇప్పుడొక చెట్టు ఉంది.