తండ్రిని కనుగొన్న బాలుడు

జపాను దేశములోని కోబె రేవుపట్టణములో 1888 జూలై 10వ తేదీన టోయోహికో కగావా జన్మించాడు. తండ్రి జునిచి కొంతకాలము ప్రభుత్వోద్యోగము చేసి, తరువాత ఓడల వ్యాపారములో స్థిరపడ్డాడు. తల్లి కామె గెయిషా, అనగా ఆటపాటలతో అతిథులను అలరించే వృత్తిలో ఉండిన స్త్రీ. జునిచికి ధర్మపత్ని కాదు. 1892 నవంబరులో తండ్రి మరణించాడు. కొన్ని వారములకే, 1893 ఆరంభమున, తల్లియు కన్నుమూసింది. నాలుగేండ్ల బాలుడు ఒక్క చలికాలములో ఇద్దరినీ పోగొట్టుకున్నాడు.

అక్కతో కూడ అతనిని షికోకు ద్వీపమునందు తోకుషిమ సమీపములో ఉన్న తండ్రి పూర్వికుల ఇంటికి పంపారు. ఇల్లు పెద్దది. తిండికీ బట్టకూ కొదువ లేదు. కాని ఆ ఇంటి యజమానురాలు తండ్రి ధర్మపత్నియే. భర్త వేరొక స్త్రీవలన కన్న బిడ్డలు కంటబడినప్పుడెల్ల ఆమె గాయము రేగియుండును; ఆమెను నిందించుట తేలిక, ఆమె దుఃఖమును గ్రహించుట కష్టము. ఎవరి దోషమైనను, దాని భారము చిన్నవాని తలపై పడింది. అతనిని దగ్గరకు తీసికొన్నవారు లేరు. బౌద్ధాలయములో కన్ఫ్యూషియస్ నీతిగ్రంథములను అభ్యసించాడు. మంచివాడు ఎట్లుండవలెనో అవి నేర్పాయి. తన పుట్టుకను తలచి తలవంచుకున్న బాలునికి తానును మంచివాడు కాగలనన్న నిరీక్షణ మాత్రము కలుగలేదు. 1903లో అన్న దుర్వ్యయమువలన ఆస్తి అంతయు పోయింది. పినతండ్రి వరుసవాడైన ఒక బంధువు చదువు భారమును వహించాడు.

తోకుషిమ మాధ్యమిక పాఠశాలలో చదువుచుండగా అతడు ఇంగ్లీషు నేర్చుకొనుటకు లోగన్, మైయర్స్ అను ఇద్దరు అమెరికన్ ప్రెస్బిటేరియన్ మిషనెరీల యొద్దకు వెళ్ళాడు. భాషకొరకు వెళ్ళినవానికి అక్కడ ఒక గృహము దొరికింది. భోజనబల్లయొద్ద చోటు, పలుకరించు స్వరము, పుస్తకములు లభించాయి. లూకా సువార్త 12వ అధ్యాయములో పొలమందలి పువ్వులను అలంకరించు దేవుని గూర్చి చదివినప్పుడు బాలుని హృదయము కదిలింది. ఎవరును నాటని అడవి పువ్వును సహితము పేరుపేరున ఎరిగిన తండ్రి ఒకడున్నాడు! ఆ తండ్రికి తన పుట్టుకను గూర్చి సంజాయిషీ చెప్పుకొనవలసిన పనిలేదు. బంధువులకు తెలియునేమోనన్న భయముతో అతడు రాత్రివేళ దుప్పటిలో ముఖము దాచుకొని ప్రార్థించేవాడు. క్రీస్తును పోలినవానిగా తన్ను చేయుమనుటయే ఆ ప్రార్థన. 1904 ఫిబ్రవరిలో, పదునైదేండ్ల వయస్సున, మైయర్స్ చేత బాప్తిస్మము పొందాడు.

ఈ ఆదరణకు మూల్యము కూడ చెల్లింపవలసి వచ్చింది. ఇంపీరియల్ విశ్వవిద్యాలయము వద్దని, దైవజ్ఞానము అభ్యసింపగోరినందుకు బంధువు సహాయము నిలిపివేశాడు. మైయర్స్ అతనిని కుమారునివలె ఆదుకున్నాడు. 1907లో తొయొహషి పట్టణములో వీధి ప్రసంగములు చేయుచు జబ్బుపడినప్పుడు, నగావో మాకి అను పేద పాదిరి తన ఇంట ఉంచుకొని ఉపచర్య చేశాడు. పరలోకపు తండ్రి ప్రేమ తరచుగా ఇట్టి మనుష్యుల చేతుల ద్వారానే అతనికి అందింది.

1909 డిసెంబరు 24న, క్షయవ్యాధితో ఊపిరితిత్తులు బలహీనమైన ఆ యువకుడు కోబెలోని షింకావా మురికివాడకు కాపురము వెళ్ళాడు. అక్కడ అక్కరలేని పసికందులను కొంత సొమ్ముతో పాటు పెంపకమునకు తీసికొని, పాలు లేక చావనిచ్చే దురాచారముండెను. అట్టి శిశువునొకదానిని కగావా తన గదికి తెచ్చుకొని, రాత్రులు మేలుకొని, పాలు కలిపి పట్టి, ఒడిలో పెట్టుకొని ఏడ్చాడు. కన్నీటిని రెండు సమభాగములుగా పంచుకొనుటను గూర్చిన ఆయన పద్యము ఆ బిడ్డను తలచి వ్రాసినదే. అదే పేరుగల సంపుటి 1919లో వెలువడింది. తండ్రిలేని బాలుడు తండ్రి చేయు పనికి పూనుకున్నాడు. ఆ వాడలోనే ఆయనకు కండ్లజబ్బు సోకి, జీవితాంతము చూపు మందగించింది. తరువాత కార్మిక సంఘములకు, 1921లో కోబె సహకార సంఘమునకు, 1922లో రైతు సంఘమునకు ఆయన తోడ్పడ్డాడు.

ఆయన లోపమును దాచుట న్యాయము కాదు. జపాను సమాజము తరతరములుగా వెలివేసిన బురాకు ప్రజలను గూర్చి ఆయన 1915లో ప్రచురించిన గ్రంథములో అవమానకరముగా వ్రాశాడు. తన పుట్టుకవలన అవమానము పొందినవాడే ఇతరుల పుట్టుకను వేలెత్తి చూపాడు. 1938లో మద్రాసు సమీపమున తాంబరములో జరిగిన మిషనెరీ మహాసభకు ఆయన వచ్చిన ఈ మన దేశములో, కులము పేర వేరు బల్లలు వేసికొనిన సంఘములు ఆ తప్పును చదివి తమ్మును తాము పరీక్షించుకొనవలెను.

కగావా 1960 ఏప్రిల్ 23న టోక్యోలో ప్రభువునందు నిద్రించాడు. పోయిన తండ్రి ఆయనకు తిరిగి రాలేదు. చిన్ననాటి ఆ కొరత కథగా, పద్యముగా జీవితమంతయు వెంట నడిచింది. అయినను దేవుడు ఆ ఖాళీ చోటును వ్యర్థముగా విడువలేదు. ఇతరుల బిడ్డలకు అందులో స్థలము కలుగజేశాడు. ప్రియ చదువరులారా, మన సంఘములో ఈ ఆదివారము చివరి చాపమీద ఒంటరిగా కూర్చుండు బిడ్డ ఎవరు? దేవుడు తండ్రియని ఆ బిడ్డకు చెప్పుటకు ముందు, మన ప్రక్కన చోటు ఇచ్చెదము గాక.