ఫిడేలు నాయుడు గారు

మన శతవార్షికోత్సవ సంచికలో ఒక సంగీత విద్వాంసుని జీవితానికి స్థలమెందుకని కొందరు అడుగవచ్చును. పాటలేని ఆరాధనను మనం ఊహించలేము. అయితే పాట తనంతట తాను ఒక తరం నుండి మరొక తరానికి రాదు. ఎవరో ఒకరు పిల్లలను కూర్చోబెట్టుకొని ఓపికగా నేర్పాలి. మన జనగామ ప్రాంతంలో ఒగ్గుకథను మాణిక్యపురం వాస్తవ్యులు చుక్క సత్తయ్య గారు 2017లో కన్నుమూసే దాకా అట్లే నిలిపారు. ఆంధ్రదేశపు మరొక కొసన, విజయనగరంలో, ఆ పనిని ఫిడేలుతో చేసిన మహనీయుడు శ్రీ ద్వారం వెంకటస్వామి నాయుడు గారు.

నాయుడు గారు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించారు. తండ్రిగారు సైన్యంలో ఉద్యోగి. కుటుంబం తరువాత విశాఖపట్నం చేరింది. దీపాల పండుగనాడు పుట్టిన ఆ బిడ్డకు చూపు మందం. బడిలో నల్లబల్ల మీది అక్షరాలు కానరాక చదువు మధ్యలోనే ఆగిపోయింది. చదువు ఆగిన పిల్లవాని బ్రతుకు ఏమగునోనని ఇంటివారు ఎంత దిగులుపడి ఉందురో మనలో బిడ్డలుగలవారు గ్రహింపగలరు. అన్నగారు వెంకటకృష్ణయ్య గారు తమ్ముని చేతికి ఫిడేలిచ్చి స్వరాలు నేర్పారు. కన్ను చేయలేని పని చెవి, చేయి కలిసి చేశాయి.

ఫిడేలు మన దేశపు వాద్యం కాదు. ఐరోపావారి వెంట వచ్చినది. ముత్తుస్వామి దీక్షితుల వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని నేర్చి కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. అటు తరువాత చాలకాలం అది గాయకునికి ప్రక్కవాద్యంగానే ఉండిపోయింది.

విజయనగర ప్రభువు విజయరామ గజపతి రాజు గారు 1919లో సంగీత కళాశాలను స్థాపించారు. తమ కొలువులోని ఒక ఉద్యోగి కుమారుడు, చూపులేని బాలుడు, సంగీతం నేర్చుకొనగోరగా, ఆ ఒక్కనికే గాక అందరికీ ఉపయోగపడునట్లు కళాశాలనే పెట్టించారని పెద్దలు చెప్పుకొంటారు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. పాతికేళ్లు దాటిన వెంకటస్వామి నాయుడు గారు ఆ కళాశాలలో విద్యార్థిగా చేరవలెనని వెళ్లగా, ఆయన వాద్యం విన్నవారు విద్యార్థిగా గాక ఉపాధ్యాయునిగానే నియమించారు. 1936లో దాసుగారి తరువాత అధ్యక్ష పదవి ఆయనకే లభించింది.

పదవి వచ్చినా సాధన మానలేదు. పాశ్చాత్య విద్వాంసుల వాద్యాన్ని శ్రద్ధగా విని, కమాను నడిపే తీరులో మేలైనదాన్ని గ్రహించి, మన రాగాలకు అమర్చుకొన్నారు. 1938లో వేలూరులో ఫిడేలునే ప్రధాన వాద్యంగా కచేరీ చేశారు. ప్రక్కన కూర్చున్న వాద్యం నడుమకు వచ్చింది. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదమిచ్చింది. 1952లో ప్రపంచ ప్రసిద్ధ ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మద్రాసులో ఆయన వాద్యం విని మెచ్చుకొన్నారు. 1957లో పద్మశ్రీ లభించింది. ప్రజలు మాత్రం ప్రేమతో ఫిడేలు నాయుడు గారనే పిలిచారు. తాను ఎరిగిన కష్టాన్ని ఆయన మరువలేదు. అంధుల సహాయనిధి కొరకు ఢిల్లీలో కచేరీ చేశారు.

బిరుదుల కంటె మేము గొప్పగా ఎంచేది ఆ కళాశాల తలుపు. ఘంటసాల వేంకటేశ్వరరావు చేతి ఉంగరం అమ్ముకొని విజయనగరం చేరేసరికి అక్కడ వేసవి సెలవులు. అయినను ఆ పేద యువకుని ఆవరణలో ఉండనిచ్చారు. తరువాత కష్టదినాలు రాగా, ఉపాధ్యాయులు పట్రాయని సీతారామశాస్త్రి గారు తమ ఇంట ఆశ్రయమిచ్చి విద్య నేర్పారు. మధుకరం ఎత్తి చదివిన ఆ యువకుని కంఠం తరువాత తెలుగువారి ఇంటింటా వినబడింది. నేదునూరి కృష్ణమూర్తి గారు అక్కడనే ఫిడేలు, గాత్రం అభ్యసించారు. నాయుడు గారి కుమారుడు భావనారాయణ రావు గారి శిక్షణలో పి. సుశీల గారు డిప్లొమా పొందారు. కుమార్తె మంగతాయారు గారు ఫిడేలు విదుషీమణిగా పేరొందారు. ఒక్క మనిషి సాధన ఒక ఇంటికి, ఇంటి నుండి ఒక పట్టణానికి వెలుగైంది.

నాయుడు గారు 1964 నవంబరు 25న కన్నుమూశారు. శతజయంతి సందర్భంగా 1993లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది.

నేడు మన మందిరాలలో హార్మోనియం, తబల, గిటారు, కీబోర్డు మ్రోగుచున్నవి. వాద్యాలు కొనుట సులభం, నేర్పువారిని నిలుపుకొనుటే కష్టం. మన సంఘాలలో చూపు తక్కువైన బిడ్డ, ఫీజు కట్టలేని బిడ్డ, బడి మానిన బిడ్డ ఎక్కడో వెనుక వరుసలో కూర్చొని పాట వింటూ ఉండవచ్చును. ఆ బిడ్డను ముందుకు పిలిచి, చేతికొక వాద్యమిచ్చి, వారానికి ఒక్క గంట ప్రక్కన కూర్చొనగల పెద్దలు మనలో ఉన్నారు. వెంకటకృష్ణయ్య గారు తమ్మునికి చేసినది అంతే. ఆ మేలు మనమును చేయుదుము గాక.